తెలుగు నేల మూడు దారులు పట్టింది ఎలా? సర్కారు, సీమ, నిజాం ఇలాకాల వెనక ఉన్న శిస్తు చరిత్ర

కోస్తా వాళ్ళకు వ్యాపార బుద్ధి ఎక్కువ, సీమ వాళ్ళకు పౌరుషం ఎక్కువ, తెలంగాణ వాళ్ళకు కల్లాకపటం తెలియదు. ఈ మాటలు పెళ్ళి పందిళ్ళలో వినిపిస్తాయి, రైలు బోగీల్లో వినిపిస్తాయి, అమెరికాలో తెలుగువాళ్ళు నలుగురు కలిసినచోట కూడా వినిపిస్తాయి. పైకి పొగడ్తల్లా ఉన్నా ఇవి మనుషుల మీద వేసే ముద్రలే. పాత రెవెన్యూ చరిత్ర చదివే కొద్దీ నాకు ఒక అభిప్రాయం గట్టిపడింది. మన మధ్య కనిపించే తేడాల్లో చాలావరకు రక్తంలో పుట్టినవి కావు. 1766 నుంచి 1801 దాకా, నలభై ఏళ్ళు కూడా నిండని కాలంలో, నిజాము, ఆర్కాటు నవాబు, ఈస్టిండియా కంపెనీ రాసుకున్న ఒప్పందాల్లో వాటి వేళ్ళు ఉన్నాయి. ఆ తర్వాత ఒక్కో ముక్కలో ఒక్కో పద్ధతిలో వేసిన భూమిశిస్తు, తవ్విన కాలువలు, తవ్వని కాలువలు ఆ తేడాలను పెంచి పెద్దచేశాయి.

అంతకు ముందు తెలుగు నేలంతా ఒక్కటిగా ఉండేదని చెప్పడం కూడా పూర్తి నిజం కాదు. తెలంగాణ, కోస్తా ప్రాంతాలు గోల్కొండ కుతుబ్‌షాహీల కింద ఉంటే, దక్షిణాన సీమ చాలాకాలం విజయనగర రాజుల నీడలో ఉంది. 1650లో మీర్ జుమ్లా గండికోటను పట్టుకున్నాకే సీమలో గోల్కొండ పట్టు బిగిసింది. 1687లో ఔరంగజేబు గోల్కొండను గెలిచాడు. 1724లో మొదటి నిజాము ఆసఫ్‌జా దక్కన్‌లో స్వతంత్రుడయ్యాడు. ఆర్కాటు, కడప, కర్నూలు నవాబులు కనీసం కాగితం మీదైనా ఆయనకు లోబడినవాళ్ళే. అలా ఓ పాతికేళ్ళు తెలుగు ప్రాంతాల్లో ఎక్కువ భాగం పేరుకు ఒకే దొర కింద ఉంది. 1748లో ఆయన చనిపోవడంతో కథ మారింది.

సైన్యం జీతాలకు జిల్లాలు

వారసత్వపు తగాదాలో ఒక పక్క ఫ్రెంచివాళ్ళు, మరో పక్క ఇంగ్లీషువాళ్ళు దిగారు. ఆసఫ్‌జా కొడుకు నాసిర్ జంగ్ 1750లో హత్యకు గురయ్యాడు. మనవడు ముజఫర్ జంగ్ 1751లో రాయచోటి దగ్గర లక్కిరెడ్డిపల్లెలో చనిపోయాడు. బుస్సీ అనే ఫ్రెంచి సేనాని ఆసఫ్‌జా మరో కొడుకు సలాబత్ జంగ్‌ను గద్దె మీద కూర్చోబెట్టాడు. ఆ ఫ్రెంచి సైన్యానికి జీతాలు కావాలి, ఖజానాలో డబ్బు లేదు. దాంతో 1753లో శ్రీకాకుళం, రాజమండ్రి, ఏలూరు, కొండపల్లి సర్కార్ల (అప్పటి జిల్లాల) శిస్తును సలాబత్ జంగ్ ఫ్రెంచివాళ్ళకు రాసిచ్చాడు. ఈ పద్ధతిని గుర్తుపెట్టుకోవాలి, తర్వాత జరిగిందంతా దీని మీదే నడిచింది: సైనికుడికి జీతం ఇవ్వలేని పాలకుడు జిల్లాను ఇచ్చేస్తాడు.

1757 జనవరిలో జరిగిన బొబ్బిలి యుద్ధం ఈ కొత్త ఏర్పాటులోంచి వచ్చిందే. ఎవరి నుంచి ఎంత పేష్కష్ (జమీందార్లు కట్టే కప్పం) రావాలో తేల్చుకోవడానికి వచ్చిన బుస్సీ విజయనగరం విజయరామరాజు పక్షాన నిలిచాడు. బొబ్బిలి కోట కూలింది. తాండ్ర పాపారాయుడి చేతిలో విజయరామరాజు కూడా చనిపోయాడు. ఆయన వారసుడు ఆనంద గజపతి ఫ్రెంచివాళ్ళతో చెడి ఇంగ్లీషువాళ్ళను పిలిచాడు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర, మరుసటి ఏడు ఏప్రిల్‌లో మచిలీపట్నంలో ఫ్రెంచివాళ్ళు ఓడిపోయారు. 1765లో మొగలు చక్రవర్తి ఫర్మానా, 1766 నవంబరులో నిజాం అలీతో ఒప్పందం, ఈ రెండింటితో సర్కార్లు కంపెనీ చేతికి వచ్చాయి. గుంటూరు మాత్రం నిజాము తమ్ముడు బసాలత్ జంగ్ జాగీరు కావడంతో 1788 దాకా ఆగింది.

సీమ కథ ఇంకా విచిత్రం. కడప, బళ్ళారి, అనంతపురం ప్రాంతాలు మైసూరు సుల్తానుల చేతుల్లో ఉండేవి. టిప్పుతో 1792, 1799 యుద్ధాల తర్వాత వాటాగా నిజాముకు వచ్చాయి. 1800 అక్టోబరులో, తన రాజ్యంలో ఉంచిన కంపెనీ సైన్యం ఖర్చుకు బదులుగా, నిజాము వాటిని కంపెనీకే తిరిగి ఇచ్చేశాడు. పదేళ్ళు కూడా ఆయన చేతిలో నిలవలేదు. అలా ఇచ్చేసినవి కాబట్టే దత్తమండలాలు అన్నారు. సీమ అనగానే మనం ఒకే ముద్దగా ఊహించుకుంటాం కానీ కర్నూలు నవాబు 1839 దాకా తన జాగీరులో ఉన్నాడు. నెల్లూరు, చిత్తూరు 1801లో ఆర్కాటు నవాబు నుంచి వచ్చాయి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు పాత ఉత్తరార్కాటు తాలూకాలకు కడప నుంచి మదనపల్లె, వాయల్పాడు చేర్చారు. కాబట్టి ఒక్క చిత్తూరు జిల్లాలోనే రెండు రకాల చరిత్రలు పక్కపక్కన ఉన్నాయి.

సరిహద్దులు ఎంత యాదృచ్ఛికంగా పడ్డాయో చూడాలంటే మునగాల, భద్రాచలం చాలు. మునగాల పరగణా చుట్టూ నిజాం రాజ్యమే ఉన్నా, పరగణా మాత్రం కృష్ణా జిల్లాలో ఉండేది. 1959లో గానీ నల్లగొండలో కలవలేదు. భద్రాచలం గుడి కట్టిన కంచర్ల గోపన్న గోల్కొండ తానీషా కొలువులో తహశీల్దారు. గోదావరి ఎడమ గట్టున ఉన్న ఆ తాలూకాను నిజాము 1860లో బ్రిటిష్‌వాళ్ళకు ఇచ్చాడు. అది మధ్యపరగణాల్లో కొంతకాలం ఉండి 1874లో గోదావరి జిల్లాలో చేరింది. 1959లో ఖమ్మానికి వెళ్ళింది. 2014లో ఊరు తెలంగాణలో మిగిలి, ఊరి చుట్టూ ఉన్న పల్లెలు చాలావరకు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. రాములవారి కల్యాణానికి వెళ్ళే భక్తుడికి ఈ గీతలేవీ పట్టవు. అక్కడి గిరిజన రైతుకు మాత్రం ప్రతిసారీ ఆఫీసు మారింది, రికార్డు మారింది.

జమీందారు, కలెక్టరు, దేశ్‌ముఖ్

గీతలు పడ్డాక అసలు తేడా మొదలైంది. రైతు తన శిస్తును ఎవరి చేతిలో పెట్టాలి? ఈ ఒక్క ప్రశ్నకు మూడు ప్రాంతాలు మూడు జవాబులు ఇచ్చాయి.

సర్కారు జిల్లాల్లో 1802లో శాశ్వత పైసలా వచ్చింది. విజయనగరం, పిఠాపురం, నూజివీడు లాంటి పాత సంస్థానాలకు ఇంత అని పేష్కష్ ఖాయం చేశారు. జమీందారు లేని హవేలీ భూముల్ని ముక్కలు చేసి వేలంలో అమ్మారు. కొన్నవాళ్ళు పెట్టుబడి రాబట్టుకోవాలని రైతుల్ని పిండారు. పిండినా బాకీలు తీరక చాలామంది దివాలా తీశారు. దీని మీద 1832–33 నందన నామ సంవత్సరపు కరువు పడింది. గుంటూరు జిల్లాలో ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయ్యాయి. కోనసీమ కొబ్బరితోటల్ని, కృష్ణా డెల్టా వరిచేలను చూసి కోస్తా ఎప్పుడూ సంపన్నమే అనుకునేవాళ్ళు ఆ దశాబ్దాల సంగతి తప్పకుండా చదవాలి. అప్పటి రాజమండ్రి జిల్లా దుస్థితి మీద 1844లో హెన్రీ మాంట్‌గోమరీ ఇచ్చిన నివేదిక వల్లే ఆర్థర్ కాటన్‌ను అక్కడికి పంపారు. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. విజయవాడ దగ్గర కృష్ణా ఆనకట్ట 1855కి సిద్ధమైంది. ధవళేశ్వరం దగ్గర స్థానిక పనివాళ్ళను కూడగట్టి, లెక్కలు చూసిన వీణం వీరన్న పేరు కూడా కాటన్ పక్కనే చెప్పుకోవాలి.

నీళ్ళు వచ్చాక వరి మిగిలింది, మిగిలిన వరి బజారుకు వెళ్ళింది, వచ్చిన డబ్బు బడికీ ప్రెస్సుకీ బ్యాంకుకీ దారి తీసింది. 1881లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించినా, 1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య ఆంధ్రా బ్యాంకు మొదలుపెట్టినా, ఆ పనుల వెనక డెల్టాలో పెరిగిన మధ్యతరగతి ఉంది. వాళ్ళ ధైర్యం, వాళ్ళ శ్రమ తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. అదే ధైర్యం ఉన్నవాళ్ళు నీళ్ళు లేనిచోట కూడా ఉన్నారు, వాళ్ళకు ఆ అవకాశం దొరకలేదు.

దీనికి సాక్ష్యం కోస్తాలోనే ఉంది. విశాఖపట్నం, శ్రీకాకుళం వైపు కూడా అదే జమీందారీ, అదే సముద్రం. కానీ అటు కాటన్ కాలువలు లేవు. అక్కడి బీదలు ఓడలెక్కి బర్మాకు కూలికి వెళ్ళారు. విజయనగరం సంస్థానం గురజాడ అప్పారావుకు కొలువిచ్చింది, సంగీతానికి కళాశాల ఇచ్చింది, పల్లెలకు మాత్రం డెల్టాలో వచ్చిన మార్పు రాలేదు. మన్యంలో కథ వేరు. అక్కడ కొండ ఊళ్ళలో శిస్తు వసూలు చేసే ముఠాదార్ల ఏర్పాటు చెడిపోయి 1879లో రంపలో తిరుగుబాటు లేచింది. 1882 అటవీ చట్టం పోడు మీద ఆంక్షలు పెట్టింది. 1922–24లో అల్లూరి సీతారామరాజు నడిపిన పోరాటం ఆ నేల మీదే పుట్టింది. కోస్తా అనే ఒక్క మాటలో ఇన్ని కోస్తాలు ఉన్నాయి.

సీమకు 1800లో థామస్ మన్రో ప్రధాన కలెక్టరుగా వచ్చాడు. అప్పటికి అక్కడ ఎనభై మంది దాకా పాళెగాళ్ళు ఉన్నారు. కోట, సొంత బంట్లు, సొంత వసూళ్ళు వాళ్ళవి. మన్రో వాళ్ళను అణచి, కొందరికి పింఛన్లు ఇచ్చి, రైతు నేరుగా సర్కారుకే శిస్తు కట్టే రైత్వారీ పద్ధతి పెట్టాడు. పొలం పొలం కొలిపించాడు. మధ్యలో జమీందారు లేకపోవడం రైతుకు మేలే కానీ శిస్తు మరీ ఎక్కువ. 1807లో జిల్లా వదిలి వెళ్తూ పాతిక శాతం తగ్గించమని ఆయనే సిఫార్సు చేశాడు. అప్పటి ప్రభుత్వం వినలేదు. మద్రాసు గవర్నరు అయ్యాక 1827 జులైలో ఇదే సీమలో పర్యటిస్తూ పత్తికొండలో కలరాతో చనిపోయాడు. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆయనకు కనిపించి మాట్లాడాడన్న కథ ఇప్పటికీ చెప్పుకుంటారు. ఒక కలెక్టరు గురించి ఊళ్ళు ఇలాంటి కథ కట్టుకున్నాయంటే, అంతకు ముందు వాళ్ళు చూసిన పాలన ఎలాంటిదో ఊహించుకోవచ్చు.

పాళెగాళ్ళ వారసులకు మాత్రం ఆ పింఛను అవమానంగా మిగిలింది. ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి నెలకు వచ్చేది పదకొండు రూపాయల చిల్లర. కోయిలకుంట్ల ఖజానా మీద 1846లో దాడి చేసి, నల్లమలలో నెలల తరబడి పోరాడి, 1847 ఫిబ్రవరి 22న ఉరికొయ్య ఎక్కాడు. ఆయనతో నడిచినవాళ్ళలో చాలామంది పాత పాళెగాళ్ళ బంట్లు, మాన్యాలు పోయిన కట్టుబడి వాళ్ళు (ఊరి కాపలాదార్లు). ఆయుధం పట్టడమే వృత్తి అయిన వేల కుటుంబాలకు ఆ వృత్తి పోయింది, బదులుగా సాగునీరు ఉన్న పొలం దొరకలేదు. సీమ ఫ్యాక్షన్ గురించి మాట్లాడేవాళ్ళు ఈ కోణం వదిలేసి పౌరుషం దగ్గరే ఆగిపోవడం నాకు బాధ కలిగిస్తుంది. ఇదొక్కటే కారణం అనను. 1876–78 ధాత కరువు బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాల్ని ఊడ్చిపెట్టింది. సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి 1860ల్లో ఒక ప్రైవేటు కంపెనీ తవ్విన కర్నూలు–కడప కాలువ నష్టాల్లో కూరుకుపోతే 1882లో సర్కారు కొనేసింది. డెల్టా కాలువలు లాభం చూపించాయి కాబట్టి వాటికి ఇంకా డబ్బు పెట్టారు. సీమలో నష్టం కనిపించింది, చేయి వెనక్కి తీసుకున్నారు. సాహిత్యం మాటకొస్తే, 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ అక్కడే తన బంగళాలో పండితుల్ని పెట్టి తాళపత్రాలు సేకరించి తప్పులు దిద్దించాడు. నీళ్ళు కరువైన ఆ ఊరే మన పాత కావ్యాలకు ప్రాణం పోసింది.

నిజాం ఇలాకాలో మూడో దారి. సర్కార్లు, దత్తమండలాలు పోయాక ఆ రాజ్యానికి సముద్రం లేదు, రేవు లేదు. భూమి మూడు రకాలు: సర్కారు వసూలు చేసే దివానీ, నిజాము సొంత ఖర్చులకు సర్ఫేఖాస్, ఇక జాగీర్లు. 1853లో దివాను అయిన మొదటి సాలార్‌జంగ్ వసూళ్ళ గుత్తేదార్లను తీసేసి, జిల్లాలు ఏర్పరచి, పాలనను గాడిలో పెట్టాడు. గొప్ప సంస్కరణే. కానీ వసూలు హక్కు పోయిన దేశ్‌ముఖ్‌లకు రుసుము ఇచ్చారు, సర్వేలు జరిగినప్పుడు వాళ్ళు వేల ఎకరాలు తమ పేర రాయించుకున్నారు. గడీలు, వెట్టి ఆ బలం మీదే నిలబడ్డాయి. కోర్టు, బడి, ఆఫీసు అన్నీ ఉర్దూలో. కాకతీయుల కాలపు పాకాల, రామప్ప, లక్నవరం చెరువులే చాలా పల్లెలకు ఆధారం. 1931లో పూర్తయిన నిజాంసాగర్ దాకా పెద్ద ప్రాజెక్టు లేదు.

అలాంటిచోట తెలుగు చదువు ఉద్యమం అయింది. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వచ్చింది. 1921లో ఒక సభలో తెలుగులో మాట్లాడబోయిన వకీలును గేలి చేసి కూర్చోబెడితే, ఆ రాత్రే ఆంధ్ర జనసంఘం పుట్టింది. తెలంగాణలో కవులే లేరన్న మాటకు సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవుల సంచిక అచ్చువేసి జవాబిచ్చాడు. 1946 జులై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తుపాకీకి దొడ్డి కొమురయ్య బలయ్యాడు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంటను గడీకి తరలనివ్వలేదు. ఇది భాషతో మొదలై భూమి దగ్గరికి చేరిన పోరాటం. 1948 సెప్టెంబరులో నిజాం పాలన పోయింది, 1949లో జాగీర్లు రద్దయ్యాయి.

ఈ గీతల్ని లెక్కచేయని మనుషులూ ఉన్నారు. కొమర్రాజు లక్ష్మణరావు మునగాల సంస్థానానికి దివాను. 1906లో ఆయన విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించింది నిజాము రాజధానిలో. ఆ మండలి తొలి పుస్తకం, అబ్రహాం లింకన్ జీవితం, రాసింది కర్నూలువాడైన గాడిచర్ల హరిసర్వోత్తమరావు. మూడు ఇలాకాలు ఒక్క పుస్తకంలో కలిశాయి. తెలుగువాళ్ళ ఐక్యత గురించి ఎవరైనా అడిగితే నేను ఏ తీర్మానాన్నీ చూపించను, ఈ ముగ్గురి పనిని చూపిస్తాను: డబ్బు ఇచ్చిన మునగాల రాజా, నడిపిన కొమర్రాజు, రాసిన గాడిచర్ల.

కలిసిన రాష్ట్రం, కలవని లెక్కలు

తెలుగు జిల్లాలకు ప్రత్యేక రాష్ట్రం మాట ఎత్తిన ఆంధ్ర మహాసభ 1913లో బాపట్లలో మొదలైనప్పటి నుంచే సీమ నాయకులకు సందేహాలు ఉన్నాయి. 1926లో వచ్చిన ఆంధ్ర విశ్వవిద్యాలయం కోస్తాకే దక్కడంతో అవి పెరిగాయి. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు సూచనతో దత్తమండలాలు రాయలసీమ అయ్యాయి. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇల్లు శ్రీబాగ్‌లో కోస్తా, సీమ నాయకుల మధ్య ఒప్పందం కుదిరింది. రాజధాని, హైకోర్టుల్లో ఏది కావాలో సీమ ఎంచుకోవచ్చు. కృష్ణా, తుంగభద్ర, పెన్నా నీళ్ళలో పదేళ్ళపాటు, అవసరమైతే అంతకు మించి, సీమకూ నెల్లూరుకూ ముందు పీట. పొట్టి శ్రీరాములు 58 రోజుల దీక్షలో ప్రాణం వదిలాక 1953 అక్టోబరు 1న వచ్చిన ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని కావడం ఆ ఒప్పందం వల్లే. మూడేళ్ళు తిరిగేసరికి రాజధాని హైదరాబాద్‌కు వెళ్ళింది. నీళ్ళ హామీ ఒప్పందంలోనే ఉండిపోయింది.

తెలంగాణకూ ఇలాంటి అనుభవమే. 1955లో రాష్ట్రాల పునర్విభజనకు వేసిన ఫజల్ అలీ కమిషన్ తెలంగాణను కొంతకాలం విడిగా ఉంచమంది. కలిపే ముందు 1956 ఫిబ్రవరిలో తెలంగాణకు కొన్ని హామీలిస్తూ పెద్దమనుషుల ఒప్పందం రాసుకున్నారు. ఆ హామీలు అమలు కాలేదన్న కోపమే 1969 ఉద్యమానికి కారణం. ముల్కీ నిబంధనలు (తెలంగాణలో ఉద్యోగాలు స్థానికులకే అన్న నియమాలు) చెల్లుతాయని సుప్రీంకోర్టు అన్నాక 1972–73లో కోస్తా, సీమ జిల్లాలు విడిపోతామన్నాయి. ఆరు సూత్రాల పథకం, 371–డి అధికరణం ఆ గొడవను కొన్నాళ్ళు ఆపాయి. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయింది. ఈ వరసనంతా నాయకుల పంతాల కథగా చెబుతారు. నా దృష్టిలో ఇది మూడు రకాల భూమి, మూడు రకాల చదువు, మూడు రకాల నీటి హక్కులు ఉన్న ప్రాంతాలను ఆ తేడాలు సరిచేయకుండా కలపడం వల్ల వచ్చిన చిక్కు.

జమీందారీ 1948 చట్టంతో పోయింది, జాగీర్లు పోయాయి, రైత్వారీ పట్టా అంతటా వచ్చింది. నీళ్ళ లెక్క మాత్రం పోలేదు. బచావత్ ట్రిబ్యునల్ 1970ల్లో కృష్ణా నీటిని పంచుతూ, అప్పటికే వాడుకలో ఉన్న ఆయకట్టుకు రక్షణ ఇచ్చింది. కంపెనీ కట్టిన ఆనకట్ట కింది కృష్ణా డెల్టాకు 181.2 టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). కర్నూలు–కడప కాలువకు 39.9. నిజాం రాజ్యం వైపు నుంచి మొదలైన రాజోలిబండకు 15.9. ఎవరి నేల మీద ముందు కాలువ తవ్వారో వాళ్ళకు హక్కు ముందు వచ్చింది. ఉమ్మడి రాష్ట్రానికి మొత్తం 811 టీఎంసీలు. విభజన తర్వాత 2015లో తాత్కాలికంగా 512 ఆంధ్రప్రదేశ్‌కు, 299 తెలంగాణకు అనుకున్నారు. రెండు రాష్ట్రాల వాటా తేల్చమని 2023 అక్టోబరులో కేంద్రం బ్రిజేష్‌కుమార్ ట్రిబ్యునల్‌కు కొత్త విచారణాంశాలు ఇచ్చింది. పరివాహక ప్రాంతం ఎక్కువ మా దగ్గర ఉంది కాబట్టి ఆ లెక్కన పంచమని తెలంగాణ అంటోంది. పాత కేటాయింపులు కదపొద్దని ఆంధ్రప్రదేశ్ అంటోంది. ఆ పాత కేటాయింపుల్లో తమకు దక్కింది ఎంతో చూడమని సీమ రైతులు శ్రీబాగ్ కాగితం పట్టుకుని ఇంకా అడుగుతున్నారు.